లారా 400 కొట్టింది రిచర్డ్స్ స్టేడియంలో కాదు!

ఇందాక మా గ్రూపులో క్విజ్ పెట్టారు, వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ బ్రయన్ లారా టెస్టులో ఒకే ఇన్నింగ్స్‌లో 400 ఎక్కడ కొట్టాడని. ఆంటిగ్వా రిక్రియేషన్ గ్రౌండ్ అన్నాను. తప్పంట! సర్ వివియన్ రిచర్డ్స్ స్టేడియం అంట కరెక్ట్ ఆన్సరు. ఒళ్ళు మండిపోయింది. ఆయన 400 కొట్టింది 2004లో. ఆ స్టేడియం 2007 వరల్డ్‌కప్ కోసం చైనా సాయంతో ఊరి బయట నార్త్ సౌండ్‌లో కట్టింది కదా, 2004లో ఎక్కడుంది అది?

నేను చెప్పిన అసలు గ్రౌండ్ ఆంటిగ్వా రాజధాని సెయింట్ జాన్స్ ఊళ్ళోనే, జైలు పక్కన. ఆ ఖైదీలే వచ్చి గ్రౌండ్ పనులు చేసేవాళ్ళు. 1981లో అక్కడ మొదటి టెస్ట్ పెడితే ఆ ఊరి బిడ్డ రిచర్డ్సే సెంచరీ కొట్టాడు. 1986లో మళ్ళీ అక్కడే 56 బంతుల్లో ఇంకోటి. లారా 375 కూడా ఇక్కడిదే, 1994లో. 2003లో ఆస్ట్రేలియా మీద వెస్టిండీస్ 418 ఛేజ్ చేసింది ఇక్కడే, టెస్టుల్లో అతి పెద్ద ఛేజ్‌గా ఆ రికార్డు ఇప్పటికీ ఎవడూ కొట్టలేదు. స్టాండ్లో డీజే చిక్కీ పాటలు పెడుతుంటే గ్రేవీ అనే అభిమాని డాన్స్ చేసేవాడు, జనం ఊగిపోయేవాళ్ళు. అలాంటి గ్రౌండ్‌ని పక్కన పెట్టి ఊరి బయటికి పోయారు, పైగా ఆ వరల్డ్‌కప్‌లో డప్పులకీ వాయిద్యాలకీ రూల్స్, టికెట్లేమో మండిపోయే రేట్లు. కరీబియన్‌లో క్రికెట్ అంటేనే సందడి కదా, అదే తీసేస్తే జనం ఎందుకొస్తారు?

సరే కొత్తదైనా బాగుందా అంటే 2009లో ఇంగ్లాండ్‌తో టెస్ట్ 10 బంతులకే ఆపేశారు! అవుట్‌ఫీల్డ్ అంతా ఇసుక, బౌలర్ల కాళ్ళు దిగిపోతున్నాయి. రెండు రోజుల్లో మ్యాచ్ ఎక్కడికి మార్చారు? పాత గ్రౌండ్‌కే. అయిదు రోజులూ ఆడారు, తొమ్మిది వికెట్లు పడ్డాక వెస్టిండీస్ డ్రా చేసుకుంది. అంత పరువు కాపాడిన గ్రౌండ్ పేరు క్విజ్ పెట్టేవాళ్ళకి తెలీదు.

మనవాళ్ళకి ఆ గ్రౌండ్ అంటే గుర్తొచ్చేది ఒక్కటే, 2002లో కుంబ్లే దవడ విరిగినా కట్టు కట్టుకుని వచ్చి లారాని అవుట్ చేయడం. గుర్తుండాల్సిందే, ఆ మనిషికి దండం పెట్టాలి. కానీ అదే మ్యాచ్‌లో మన హైదరాబాద్ లక్ష్మణ్ 130 కొట్టాడు, ఆ మాట ఒక్కరి నోటా రాదేం? ఎప్పుడు చూసినా 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద కొట్టిన ఆ 281, 281. ఆంటిగ్వాలో అంత ఆట ఆడిన మనిషిని ఏడాది తిరక్కుండానే 2003 వరల్డ్‌కప్ టీమ్‌లోంచి తీసేసి దినేష్ మోంగియాని తీసుకెళ్ళారు. ఇన్నేళ్ళయినా ఆ సెలెక్షన్ తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది, ఎవరొచ్చి ఎన్ని కారణాలు చెప్పినా నేను ఒప్పుకోను.