వేడి తగిలితే బయోయాక్టివ్ గ్లాస్ పనికిరాదా?

"బయోయాక్టివ్ గ్లాస్‌ను మళ్ళీ కొలిమిలో పెడితే స్ఫటికాలు ఏర్పడతాయి, గుణం మొత్తం పోతుంది, ఇక ఎముకకు అతుక్కోదు. వేడి చేయనిదే అసలైనది." ఒంట్లో పెడితే ఎముకకు అతుక్కునే ప్రత్యేకమైన గాజు, అంటే బయోయాక్టివ్ గ్లాస్ గురించి ఈ మాట తెగ షేర్ అవుతోంది. కొంత నిజం కలిసింది కాబట్టే చదివినవాళ్ళు ఇట్టే నమ్ముతున్నారు.

"గుణం మొత్తం పోతుంది" అన్నారు. 1969లో లారీ హెంచ్ రూపొందించిన తొలి బయోయాక్టివ్ గ్లాస్ 45ఎస్5 సంగతే చూద్దాం. ఒంట్లోని ద్రవం తగిలితే ఈ గాజులోంచి సోడియం, కాల్షియం బయటికొస్తాయి. పైన సిలికా జెల్ పొర కడుతుంది, దాని మీద ఎముక ఖనిజం లాంటి అపటైట్ పేరుకుంటుంది. స్ఫటికాలుంటే, అంటే గాజులోని పరమాణువులు క్రమంగా పేర్చుకుపోతే, ఈ పని నెమ్మదిస్తుంది. ఒంటి ద్రవాన్ని పోలిన ద్రావణంలో ముంచి చూస్తే మామూలు గాజు మీద సుమారు 10 గంటలకు స్ఫటిక అపటైట్ కనిపించింది, పూర్తిగా స్ఫటికంగా మారినదాని మీద 20 గంటలు దాటాక. ఆలస్యమైంది, అంతే.

"వేడి చేస్తే స్ఫటికాలు ఖాయం" అట. ఎన్ని డిగ్రీలో చెప్పకుండా ఈ మాట ఎలా అంటారు? పోతపోసిన ముక్కలో ఒత్తిడి పోవడానికి గాజు మెత్తబడే ఉష్ణోగ్రతకు దగ్గర్లో ఉంచి, మెల్లగా చల్లారుస్తారు. ముక్క పారదర్శకంగానే ఉంటుంది. అసలు చిక్కు గాజు పొడిని వేడిచేసి ఒక ముక్కగా అతికించేటప్పుడు వస్తుంది. 45ఎస్5 సుమారు 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, 600 దాటిన కాసేపటికే స్ఫటికాలు మొదలు. రేణువులు పాకంలా సాగి ఒకదాన్నొకటి పట్టుకునేలోపే గట్టిపడిపోతాయి. అంచుల దగ్గర మాత్రమే అతుక్కున్న తెల్లటి ముక్క చేతికొస్తుంది, కాస్త నొక్కితే పొడిపొడి. వేడి మీద ఫిర్యాదు చేయాలంటే దీని గురించి చేయాలి. ఇది కూడా అన్ని గాజులకూ వర్తించదు. పొటాషియం, మెగ్నీషియం కలిపిన 13-93 అనే మరో బయోయాక్టివ్ గ్లాస్ సుమారు 700 డిగ్రీల దగ్గర చక్కగా అతుక్కుని, గాజుగానే మిగులుతుంది. అన్నిటినీ ఒకే గాటన కడితే ఎలా?

"వేడి చేయనిదే అసలైనది" అన్నది మరీ విడ్డూరం. కరిగించి చేసే గాజు పుట్టిందే 1300 డిగ్రీల మంటలో! కరిగించకుండా, ద్రావణాన్ని జెల్‌గా మార్చి ఆరబెట్టే సోల్-జెల్ పద్ధతిలో చేసేదాన్నయితే సాధారణంగా 600 డిగ్రీలకు పైన కాల్చి తీరాలి. లేకపోతే ముడిసరుకుగా వాడే కాల్షియం నైట్రేట్ తాలూకు నైట్రేట్లు లోపలే ఉండిపోయి ఒంట్లోని జీవకణాలకు హాని చేస్తాయి.

ఇక జపాన్‌లోని క్యోటోలో కొకుబో బృందం 1982లో చేసిన ఏ-డబ్ల్యూ గ్లాస్ సిరామిక్ (గాజులో అపటైట్, వొలాస్టనైట్ స్ఫటికాలున్న పదార్థం) ఉంది. దాన్ని 1050 డిగ్రీల దాకా వేడిచేసి కావాలనే స్ఫటికాలు పుట్టించారు. అందుకే దానికి అంత బలం. ఎముకకూ అతుక్కుంది, వెన్నుపూసల స్థానంలోనూ వాడారు. దాన్ని ఏ ఖాతాలో రాస్తారో ఈ మాట పంచుతున్నవాళ్ళే చెప్పాలి.