నాలుగు డిమ్‌సమ్‌లు, ఐదుగురు మనుషులు

మా బావమరిదికి ప్రమోషన్ వచ్చింది. ఆ సంతోషంలో మమ్మల్ని జూబ్లీహిల్స్‌లో ఒక ఏషియన్ ఫ్యూజన్ (అంటే రకరకాల దేశాల వంటలు కలగలిపి వండే) రెస్టారెంటుకు తీసుకెళ్లాడు. అతను, అతని భార్య, నేను, మా ఆవిడ, మా అత్తగారు. ఐదుగురం. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

లోపల చీకటి. కరెంటు పోయిందనుకున్నారు మా అత్తగారు. "జనరేటర్ లేదా వీళ్లకి?" అని కొడుకుని అడిగారు కూడా. ఫోన్ లైటు వేస్తే తప్ప మెనూ కనబడలేదు. కనబడ్డాక, ఆ చీకటి మా మంచికే పెట్టారని అర్థమైంది.

నల్ల చొక్కా కుర్రాడొకడు వచ్చి, "మా దగ్గరికి రావడం ఇదే మొదటిసారా సర్?" అన్నాడు. నేరం ఒప్పుకున్నాం. అయితే కాన్సెప్ట్ చెబుతానన్నాడు. ఎవరికి వారు తినడానికి కాదట, అన్నీ షేరింగ్ ప్లేట్లట. ఏది ముందు తయారైతే అది ముందు వస్తుందట. పప్పు తర్వాత కూర, కూర తర్వాత పులుసు, ఆఖరున పెరుగు అని బంతి క్రమశిక్షణలో పెరిగిన జాతికి ఇది చిన్న విప్లవం కాదు.

ఇక భూగోళం సంగతి. ఆ మెనూ ప్రకారం ఆసియా ఖండం బర్మాలో మొదలై జపాన్‌లో ముగుస్తుంది. హైదరాబాద్ ఏ ఖండంలో ఉందో కార్డులో ఎక్కడా రాయలేదు.

"మంచూరియా ఉందా బాబూ?" అని అడిగారు మా అత్తగారు.

"మాది ఏషియన్ ఫ్యూజన్ మేడమ్" అన్నాడు కుర్రాడు, ఎవరో పోయారని విన్నవాడిలా మొహం పెట్టి.

మంచూరియాకీ చైనాలోని మంచూరియా ప్రాంతానికీ ఏ సంబంధమూ లేదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో దాన్ని కనిపెట్టాడంటారు. మనలాగే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా వేయాల్సిన చోట సోయా సాసు పోశాడు. ఈ గడ్డ మీద పుట్టిన ఏషియన్ ఫ్యూజన్ అంటూ ఏదైనా ఉంటే అదే. అందుకే ఫ్యూజన్ రెస్టారెంటులో దానికి ప్రవేశం లేదు. మా కాలనీ మలుపులో బండి మీద దొరుకుతుంది, పైన ఉల్లిపాయ ముక్కలతో సహా.

ముందు టెంపురా వచ్చింది. శనగపిండి మానేసి మైదా పట్టిన బజ్జీ అది. ఈ వేపుడు పద్ధతి జపాన్‌కు చేరింది 16వ శతాబ్దంలో, పోర్చుగీసు వాళ్లతో. మనకు మిరపకాయను తెచ్చిందీ ఆ పోర్చుగీసు వాళ్లే. ఆ లెక్కన టెంపురా, మిరపకాయ బజ్జీ తోడికోడళ్లు. ఒకావిడ జూబ్లీహిల్స్‌లో కాపురం పెట్టింది, ఇంకో ఆవిడ బస్టాండు దగ్గర ఉంటోంది.

తర్వాత వెదురు బుట్ట వచ్చింది. కుర్రాడు మూత తీశాడు. గుప్పున ఆవిరి లేచింది, దానితోపాటు ట్రఫుల్ అనే పుట్టగొడుగు నూనె వాసన. గ్యాస్ లీకవుతోందేమోనని మా ఆవిడ అటూ ఇటూ చూసింది. ఆవిరి తగ్గాక డిమ్‌సమ్‌లు, అంటే ఆవిరి మీద ఉడికించిన చైనా కుడుములు, లెక్కపెట్టాం. నాలుగు.

"మీరు తీసుకోండి అత్తయ్యా" అన్నాను.

"ముందు మీరు కానివ్వండి బాబూ, నాకివన్నీ పడవు" అన్నారావిడ. ఆవిడకి రాళ్లు కూడా పడతాయి.

"తీసుకోండి బావా, నేను ఆఫీసు పార్టీల్లో తింటూనే ఉంటా."

"నాకు ఎసిడిటీ అన్నయ్యగారూ."

పది నిమిషాల శాంతి చర్చల తర్వాత అత్తగారు, నేను, మా ఆవిడ తలొకటి తీసుకున్నాం. నాది చాప్‌స్టిక్ పుల్లల మధ్య నుంచి జారి సోయా సాసులో మునిగింది. అత్తగారు చేత్తో తీసుకుని సుఖపడ్డారు. నాలుగోది బుట్టలో మిగిలింది. చివరి ముక్క తీసుకునే తెలుగువాడు ఇంకా పుట్టలేదు. ఇంకో ప్లేటు చెబితే, దీంతో కలిపి సరిగ్గా ఐదు. కానీ అప్పుడు ఈ చల్లారినది ఎవరి వంతు?

షేరింగ్ ప్లేటు అని రాసిన ప్రతిచోటా ముక్కల సంఖ్య కూర్చున్నవాళ్ల సంఖ్యతో నిశ్శేషంగా భాగించబడాలని ప్రభుత్వం వెంటనే జీవో ఇవ్వాలి. ఇతర దేశాల్లో ఎలా పంచుకుంటారో నాకనవసరం. మొహమాటం ఉన్నచోట షేరింగ్ అంటే ఉపవాసమే.

బిల్లు వచ్చింది. అడుగున పది శాతం సర్వీస్ ఛార్జీ. దీన్ని దానంతటదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది. బలవంతంగా వసూలు చేయడానికి వీల్లేదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా తేల్చింది. ఆ వార్తను మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టిందే మా బావమరిది, కింద "అందరూ ధైర్యంగా అడగాలి" అని రాసి మరీ. ఇప్పుడు కుర్రాడు కార్డు మిషను పట్టుకుని, నవ్వుతూ పక్కనే నిలబడ్డాడు.

"సర్వీస్ ఎలా ఉంది సర్?"

"సూపర్" అన్నాడు మా బావమరిది, పిన్ నొక్కుతూ.

కుర్రాడు బుట్టలోకి తొంగి చూశాడు. "ఇది ప్యాక్ చేయమంటారా?"

"వద్దొద్దు" అన్నాం, ఐదుగురం ఒకేసారి.

అతను బుట్టకు మూత పెట్టి తీసుకెళ్లాడు. వంటగది తలుపు మూసుకునేదాకా మేం ఆ బుట్టనే చూస్తూ కూర్చున్నాం.