ఆపింది బేరానికి కాదండీ

మొన్న ఆదివారం సాయంత్రం మా కాలనీలో చిన్న రసాలు కాయ పద్దెనిమిది రూపాయల చొప్పున అమ్మింది మేమే. కావాలని కాదు. చొక్కాకి అంటిన గ్రీజు మరక ఇంకా వదల్లేదు, అందుకే గబగబా చెప్పేస్తాను.

మామగారి వ్యాన్ ఒకటుంది. 1987 మారుతి, ఇంకా ఓమ్ని అన్న పేరు కూడా పెట్టని రోజులది. ఆయన పోయాక నా బావమరిది చేతికొచ్చింది. వాడు ఫోన్లో కేరళ కుర్రాళ్ల వ్యాన్లు చూసి చూసి, "బావా, కిందికి దించితే లుక్కే వేరు" అన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి వెనక బరువు మోసే కమాన్ కట్టల్లోంచి ఒక్కో ఇనప పట్టీ లాగేశాడు, ముందు స్ప్రింగులు ఒక్కో చుట్టు కోసేశాడు. నేలకీ బండి అడుగుకీ మధ్య కంపెనీ ఇచ్చిన ఎత్తు 165 మిల్లీమీటర్లు. మేస్త్రి మిగిల్చింది నాలుగు వేళ్లు. అదీ ఖాళీ బండికి.

వాడు దీన్ని వింటేజ్ అంటాడు. 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే యాభై ఏళ్లు దాటాలి, పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు. మా బండికి వయసూ చాలదు, ఒళ్లూ మిగల్లేదు.

శనివారం అత్తగారిని ఎక్కించుకుని ఆవకాయ కాయల కోసం నూజివీడు వెళ్లాం. రెండొందల కాయలు. ఆదివారం తిరిగొచ్చాం. దారి సంగతి వదిలేయండి, ముందు సీటు కిందే ఇంజన్ కాబట్టి నేను సగం ఉడికాను, అంతే.

ఇక మా వీధి. శనివారం పొద్దున లేని స్పీడ్ బ్రేకర్ ఆదివారానికి పుట్టింది, సరిగ్గా అసోసియేషన్ ప్రెసిడెంటు గారి గేటు ముందు. పైన తడి గోనెలు. అసలు స్పీడ్ బ్రేకర్ అంటే పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలట. మా వాళ్లు ఎత్తులో ఉదారంగా ఉండి, వెడల్పు అడుగుకి సరిపెట్టారు. పొలం గట్టే. ముందు చక్రాలు దాటాయి. తర్వాత కింద కర్ర్‌మంది. సైలెన్సర్ గొట్టం బ్రేకర్ మీద చతికిలబడింది. ముందుకు పోదు, వెనక్కి రాదు.

జాకీ పెడదామంటే జాకీ దూరే సందు లేదు. బరువు దించమన్నాను. బావమరిది పక్క తలుపు బర్రుమని లాగి, కాయల బుట్టలు రోడ్డు పక్కన వరసగా పేర్చాడు. నేను బోర్లా పడుకుని కిందికి తొంగిచూస్తున్నాను. కాబట్టి ఇక్కణ్నించి నేను చూసినవన్నీ కాళ్లే.

ముందు ఒక జత హవాయి చెప్పులొచ్చాయి. "కాయ ఎంత?"

"అమ్మకానికి కాదండీ" అన్నాను బండి కింద నుంచి. బండి కింద నుంచి మాట్లాడే మనిషి మాట ఎవరు వింటారు?

"టెంక ముదిరిందా?"

ఆ ప్రశ్న మా అత్తగారి పరువు మీదకి వచ్చింది. "ముదరక? నేను తోటలో కోయించి చూసి మరీ తెచ్చాను."

"అయితే పది చేసుకోండి."

"పదా! తోటలోనే పద్నాలుగు పడితే!"

నేను కింద నుంచి "అత్తయ్యగారూ" అంటూనే ఉన్నాను. బేరంలోకి దిగిన మా అత్తగారిని వెనక్కి లాగడం, ఆ సైలెన్సర్‌ని వెనక్కి లాగడం రెండూ ఒకటే. ఆవిడ ఇరవైతో మొదలుపెట్టి, "పోనీ బోణీ కదా" అని పద్దెనిమిదికి దిగింది. ఆ బోణీ అన్న మాటతో అయిపోయింది. మెట్టెల కాళ్లు, పట్టీల కాళ్లు, ఒక స్కేటింగ్ చక్రాల జత కూడా వచ్చాయి. ఎవరో "ముక్కలు కొట్టిస్తారా?" అన్నారు. ఇంకెవరో "రేపు కూడా వస్తారా?" అన్నారు. వెనక ఇరుక్కున్న ఆటోవాడు ఒక్కటే హారన్. మా బావమరిది నడుం వంచి ఫోన్ కింద పెట్టి, "బావా, ఈ యాంగిల్లో ఎంత కిందికుందో చూడు" అంటూ వీడియో తీస్తున్నాడు.

అప్పుడొచ్చాయి, పాలిష్ పెట్టిన నల్ల బూట్లు. ప్రెసిడెంటు గారు. సిమెంటు మీద పడిన గీత చూసి, ఆర్సీలో ఉన్నదానికి తేడాగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నాకు వివరించారు, నా కాళ్ల వైపు నిలబడి. పైగా రోడ్డు మీద వ్యాపారం నిషిద్ధమట. స్పీడ్ బ్రేకర్‌కి ఏ సెక్షన్ అని అడుగుదామనుకున్నాను గానీ, నోట్లో ఇసుక ఉంది.

చివరికి ఆరుగురు కలిసి ఎత్తితే బండి దాటింది. సైలెన్సర్ అక్కడే ఉండిపోయింది. స్పీడ్ బ్రేకర్ మరమ్మతుకి రెండు వేలు కట్టమని నిన్న చీటీ వచ్చింది.

రాత్రి అత్తగారు లెక్క చూసుకుంటే ఇరవై మూడు కాయలు తక్కువ. డబ్బు ఇరవై కాయలకే ఉంది. ఆ మూడూ ఎటు నడిచి వెళ్లాయో ఆవిడకి తెలియదు. కింద పడుకున్నది నేను. నల్ల బూట్లు వచ్చి బుట్ట దగ్గర ఆగడం, పక్కనే సంచి నేల మీదకి దిగడం, మళ్లీ పైకి లేవడం నేను చూశాను.