కొండపల్లి బండికి ఏ కెమెరా?

బల్ల మీద పెట్టిన కొండపల్లి ఎడ్లబండి బొమ్మని ఫిల్మ్ మీద తీయాలి. మేనల్లుడి పట్టు 4×5 అంగుళాల షీట్ ఫిల్మ్ కెమెరా, ఒక్కో ఫొటోకి ఒక్కో విడి ఫిల్మ్ ముక్క పెట్టేది. ఏళ్ల తరబడి స్టూడియో నడిపిన మేనమామ ఒప్పుకోడు.

అల్లుడు: 35 ఎంఎం ఫ్రేము ఎంత మామయ్యా? 24×36 మిల్లీమీటర్లు. ఎద్దు మెడ పట్టీ మీద చుక్కలు కూడా విడివిడిగా కనబడాలి నాకు.

మామయ్య: చుక్కలు సరే, వెనక చక్రం మాటేంటి? నెగెటివ్ పెద్దదయ్యేకొద్దీ డెప్త్, అంటే ముందూ వెనకా స్పష్టంగా వచ్చే మేర, తగ్గుతుందిరా. 35లో ఎఫ్/16కి వచ్చేది 4×5లో రావాలంటే లెన్సు కన్నాన్ని ఎఫ్/64 దగ్గరికి మూయాలి, అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నది. సెకను ఎక్స్‌పోజర్ కాస్తా 16 సెకన్లవుతుంది. 30 సెంటీమీటర్ల బండి ఫ్రేము నిండాలంటే 150 ఎంఎం లెన్సుకి బెలోస్‌ని, అదే లెన్సు వెనకుండే మడతల తిత్తిని, 210 దాకా లాగాలి. అక్కడ ఇంచుమించు ఇంకో స్టాపు, అంటే సగం వెలుగు, పోతుంది. అంటే అర నిమిషం. అంతసేపు తెరిస్తే ఫిల్మ్ మందగిస్తుంది, దానికీ అదనంగా సమయం ఇవ్వాలి.

అల్లుడు: ఇద్దాం. బొమ్మలేగా, కదులుతాయా?

మామయ్య: బల్ల కదులుతుంది. రోడ్డు మీద లారీ పోతే మా స్టూడియోలో గ్లాసులో నీళ్లు వణికేవి.

అల్లుడు: అసలు అంత మూయడం దేనికి? లెన్సు వంచితే సరి. లెన్స్, ఫిల్మ్, ఫోకస్ తలాలు ఒకే గీత దగ్గర కలిసేలా చూసుకోవడమే. ఆస్ట్రియావాడు షైంప్‌ఫ్లగ్ 1904లోనే దీని మీద పేటెంట్ తీసుకున్నాడు.

మామయ్య: వంచితే ఫోకస్ వాలుతుంది, లావెక్కదు. గుడ్డ మీద వెండి పట్టీలు పరిచావా, భేష్. నీ బండికేమో ఎద్దుల డెక్కలు కింద, బండివాడి తలపాగా పైన. డెక్కల వెంట ఫోకస్ పరిస్తే తలపాగా మసకేస్తుంది. ఇంతకీ ప్రింటు ఎంత సైజు?

అల్లుడు: 10×12.

మామయ్య: దానికి షీట్ ఫిల్మా! ఈ రెంటికీ మధ్య సైజు నెగెటివ్ ఇచ్చే మామియా ఆర్‌బీ67 చూడు. 120 రోలుకి 10 ఫ్రేములు, బెలోస్ కెమెరాలోనే ఉంది, దగ్గరికి వెళ్లడానికి వేరే సరంజామా అక్కర్లేదు. అడ్డం ఫొటో నిలువు కావాలంటే వెనక భాగం తిప్పితే చాలు.

అల్లుడు: వంపు లేదుగా.

మామయ్య: బండికి అక్కర్లేదన్నానుగా.

అల్లుడు: పట్టీల పనొస్తే మాత్రం 4×5 అద్దెకు తెస్తా మామయ్యా, అప్పుడు అడ్డు చెప్పకు.