రెక్సిన్ సీటు గారికి, బోల్టుల తరఫున

మహారాజశ్రీ సీటు గారికి,

మీరు మా బాబాయి సీజే3బీ జీపులో కొలువుదీరినప్పటి నుంచి ఇంట్లో మనుషుల్ని పట్టించుకునే నాథుడు లేడు. పెంచలకోన బ్రహ్మోత్సవాలకి పిన్ని వాళ్ల అక్క కూడా వస్తానంది, జీపులో చోటు చాలదు, "దానిదేముంది, ఒక సీటు బిగిస్తే పోలా" అన్నాడు బాబాయి. అట్టా పుట్టారు మీరు. మీ ఒంట్లో యాంగిల్ ఇనుము నీళ్ల ట్యాంకు స్టాండుది, ప్లైవుడ్ విరిగిన మంచానిది. స్పాంజి ఎవరి సోఫాదో నేను చెప్పను, ఆవిడ ఇంకా వెతుకుతోంది.

పైతొడుగు విషయంలో మాత్రం రాజీ పడలేదు. మెరూనా, బిస్కెట్ రంగా అన్న దగ్గర బాబాయికీ పిన్నికీ మాటలు ఆగిపోయాయి. చివరికి మెరూన్ రెక్సిన్, పసుపు పైపింగ్, మధ్యలో డైమండ్ కుట్టు. బాగున్నారు, అబద్ధమెందుకు. ఆ ముస్తాబు చూసి వీధిలో ఒకాయన పెళ్లికొడుకు ఊరేగింపుకి జీపు అడిగాడు.

ఇక మీ కాళ్ల సంగతి. ఇట్టాంటి చోట వాడే గట్టి బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉంటుంది. మీ బోల్టుల తల మీద ఏమీ లేదు, గేటుకి తెచ్చినవాటిలో మిగిలినవి. వాటి కింద చిన్న వాషర్లు, వాషర్లు ఆనుకున్నది తుప్పు పట్టి అప్పడమైపోయిన రేకు. రేకు కింద వెడల్పాటి మందపు పలక వేసి, వీలైతే ఛాసిస్ దాకా బ్రాకెట్ దించి బిగిస్తే, బండి సడన్‌గా ఆగినప్పుడు మనిషి బరువంతా ఒక్క చిల్లు మీద పడదు. ఆ మాటంటే "కూర్చునేది పైన గదా అబ్బయ్యా, కింద ఎవరు చూస్తారు" అన్నాడు బాబాయి.

ఈ మోడల్‌లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. వెల్డింగ్‌కి ముందు దాన్ని దించాలి. దించే టైము లేదని పైన తడి గోతం కప్పి రవ్వలు ఎగరేసిన ఆ వెల్డింగ్ అబ్బాయి, బీడీ కాల్చడానికి మాత్రం, పెట్రోలు దగ్గర ప్రమాదమని, వీధిలోకెళ్లాడు.

పైగా మీరు పక్కకి తిరిగి కూర్చున్నారు. బ్రేకు పడితే మీ మీద కూర్చున్న మనిషి పక్కవాళ్ల ఒళ్లోకి పోవాల్సిందే. బెల్టు బదులు పైన గొట్టానికి నైలాన్ తాడు వేలాడదీశారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 182ఏ కింద మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. ఇది చదివి వినిపిస్తే బాబాయి, "5,000 అంటే రెక్సిన్ కంటే ఎక్కువే" అని లెక్కేసుకున్నాడు.

అసలు మనిషి తెలివైంది. పెద్దమ్మ మిమ్మల్ని ఒకసారి పట్టుకుని ఊపి చూసి, "నేను బస్సులో వస్తాలే" అని చక్కా పోయింది. ఆ సింహాసనం మీద కొబ్బరికాయల బస్తా కూర్చుంది. రాపూరు దాటాక ఒక గుంటలో మీ వెనక కాళ్లు రెండూ రేకుతో సహా లేచొచ్చాయి.

ఇప్పుడు రేకు కోయించి కొత్తది వేయిస్తానంటున్నాడు బాబాయి. మెకానిక్కుకి పలక గురించి, బోల్టుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు గానీ, విప్పేటప్పుడు రెక్సిన్‌కి గీత పడితే ఊరుకోనని నా ఎదురుగానే నాలుగుసార్లు హెచ్చరించాడు.

ఇట్లు,
రోడ్డు మీద కొబ్బరికాయలు ఏరినవాడు