ఫలకం మీద శిల్పి పేరేది?

2024 జనవరి 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ జరిగింది. అక్కడి 51 అంగుళాల బాలరాముణ్ని చెక్కిన మైసూరు శిల్పి అరుణ్ యోగిరాజ్ పేరు ఊరూరా తెలిసింది. ఆ ఏడాదంతా ఆయనకు సన్మానాలే, ఇంటర్వ్యూలే. చాలా సంతోషం. కానీ 2021లో కేదార్‌నాథ్‌లో పెట్టిన ఆదిశంకరుల విగ్రహమూ ఆయనదే. 2022లో ఇండియా గేట్ దగ్గర నిలిచిన 28 అడుగుల నేతాజీ విగ్రహం కూడా ఆయన సారథ్యంలో తయారైందే. అప్పుడు ఆ పేరు మనలో ఎంతమంది విన్నాం? శిల్పి అతనే, చేయీ అదే. ఈసారి పేరు బయటికి చెప్పారు, అంతే.

ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. అక్కడ అమ్మవారి విగ్రహం చెక్కుతున్న ఒక పెద్దాయన దగ్గర గంటసేపు కూర్చున్నాను. గ్రైండర్ పక్కన పెట్టేసి, చెవి కమ్మ దగ్గర సన్న ఉలితో గీరుతున్నారు. గీరడం, నోటితో ఊదడం, తడిగుడ్డతో తుడిచి తల వంచి వెలుగులో చూసుకోవడం. కనురెప్పల నిండా రాతిపొడి. మీ పేరెక్కడ వేస్తారని అడిగితే నవ్వారు. "మన పేరు యాడుంటాది సార్? ఎమ్మెల్యే పేరుండాల, డబ్బులిచ్చినోళ్ల పేరుండాల."

దేవుడి విగ్రహానికి మనిషి పేరేంటి, పైగా అది పదిమంది చేతి పని కదా అనేవాళ్లున్నారు. మరి గుడిలో ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు ఎందుకున్నట్టు? పదిమంది చెక్కితే పది పేర్లూ వేయండి.

పేరు వేసుకోవడం మన సంప్రదాయం కాదనడానికీ లేదు. 12వ శతాబ్దంలోనే కర్ణాటకలోని బేలూరు గుడిలో దాసోజుడనే శిల్పి తన శిల్పాల కింద పేరు చెక్కుకున్నాడు. అక్కడిదే సోమనాథపురం గుడిలో మల్లితమ్మ అనే శిల్పి పేరు నేటికీ చదవొచ్చు. మన లేపాక్షికి వస్తే, కట్టించిన విరూపణ్ణ పేరు బడిపిల్లలకూ తెలుసు. ఆ ఏకశిలా నంది మెడలో గంటలు అంత ఓపికగా చెక్కినవాడి పేరు మాత్రం మన దాకా రాలేదు.

సీమకు జరిగిన నష్టం ఇక్కడే ఉంది. ఆళ్లగడ్డ అనగానే బయటివాళ్లకు ముందు ఫ్యాక్షనే గుర్తొస్తుంది. అక్కడి రాతిశిల్పానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్నా అది ఊరికి దక్కిన గౌరవమే, అందులో మనిషి కనబడడు. అదే 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు చూడండి, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలూ ఆయనతోపాటే వార్తల్లోకొచ్చాయి. సినిమాలు సీమవాడి చేతికి వేటకొడవలే ఇస్తూ వచ్చాయి. ఆ చేతిలో తరతరాలుగా ఉలి ఉందని గట్టిగా చెప్పాల్సింది మనమే.

అందుకే ప్రభుత్వ సొమ్ముతో పెట్టే ప్రతి విగ్రహం పీఠం మీదా శిల్పి పేరు, ఊరు ఉండాలని ఒక జీవో ఇవ్వండి. టెండర్‌లోనే ఆ షరతు పెట్టండి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఎంత టైం పడుతుందని ఆ పెద్దాయననే అడిగాను. పేరు, ఊరు కలిపి అరపూట పనట.