రంగా ఎవరి మనిషి?

జూలై 4న, డిసెంబర్ 26న కోస్తా జిల్లాల్లో వంగవీటి మోహన రంగా విగ్రహాలకు పూలదండల కొరత ఉండదు. మొదటిది ఆయన పుట్టిన రోజు, రెండోది ఆయనను చంపిన రోజు. కాంగ్రెస్ తరఫున గెలిచి, తెలుగుదేశం ప్రభుత్వం ఉండగా హతుడైన నాయకుడికి నేడు ఆ రెండు పార్టీల వారే కాదు, ఆయన పోయిన ఇరవై ఏళ్లకు పైబడి పుట్టిన పార్టీల వారూ పోటీపడి దండలు వేస్తున్నారు. ఇంతమందికి ఆప్తుడైన మనిషిని ఆనాడు కాపాడడానికి ఒక్కరూ ఎందుకు లేకపోయారని ఆ సభల్లో ఎవరూ అడగరు. రంగాను కాపు కులం ఖాతాలో జమ వేసుకోవడం అన్ని పక్షాలకూ లాభసాటిగా ఉంది. ఆ జమతో ఆయనను తయారుచేసిన బెజవాడ లెక్కలోంచి జారిపోయింది.

ఆ బెజవాడ శ్రామికుల ఊరు. పెద్ద రైల్వే జంక్షన్, లారీ రవాణా, ఆటోనగర్ షెడ్లు, వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లు, హోటళ్లు, సినిమా హాళ్లు. చుట్టుపక్కల డెల్టా పల్లెల నుంచి పనికి వచ్చినవాడికి ఊళ్లో కూలి దొరికేది, జాగా దొరికేది కాదు. అందుకే కొండవాలుల మీద, కృష్ణ ఒడ్డున, కాలువగట్ల మీద గుడిసెలు లేచాయి. పట్టా లేని ఇల్లు, రసీదు లేని కూలి, ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని బతుకు. ఇలాంటివాడికి తగాదా వస్తే కోర్టు ఏళ్ల తరబడి సాగుతుంది. పోలీసు స్టేషన్‌లో ఎదుటివాడి మాటే చెల్లుతుంది. మిగిలింది యూనియన్ నాయకుడి గడప.

ఆ గడపల్లో తొలి తరానిది చలసాని వెంకటరత్నం. కమ్యూనిస్టు నాయకుడు, కార్మికుల్లో గట్టి పట్టున్నవాడు. రంగా అన్న వంగవీటి రాధా ఆయన నీడలో ఎదిగి, తరువాత విడిపోయి సొంత వర్గం కట్టుకున్నాడు. 1970ల తొలి సగంలోనే ముందు వెంకటరత్నం, తరువాత రాధా హత్యకు గురయ్యారు. 1947లో ఉయ్యూరు దగ్గరి కాటూరులో పుట్టిన రంగాకు అన్న చావుతో వచ్చిన ఆస్తి ఆ మనుషులు, ఆ పగ. రెండింటిలో ఏ ఒక్కదాన్నీ ఆయన వదులుకోలేదు.

ఇక్కడ దీన్ని కాపు, కమ్మ కులాల కథగా చెప్పేవారికి చిక్కొకటి ఉంది. తరువాత బద్ధశత్రువులైన కమ్మ సోదరులు దేవినేని గాంధీ, నెహ్రూ, మురళి మొదట్లో రంగా వర్గంలోనే ఉన్నారు. రంగా పెళ్లాడిన రత్నకుమారి కమ్మ కుటుంబం నుంచి వచ్చినవారు. అంటే ఆ రోజుల్లో బెజవాడ వర్గాలు కులం గీత వెంబడి చీలలేదు. కాలేజీ విద్యార్థి సంఘాల్లో పెత్తనం ఎవరిదన్న దగ్గర తెగాయి. దేవినేని వారు యునైటెడ్ స్టూడెంట్స్ ఆర్గనైజేషన్ వైపు, రంగా యునైటెడ్ ఇండిపెండెంట్స్ వైపు నిలిచారు. 1979లో దేవినేని గాంధీ హత్య జరిగాక రాజీకి దారి మూసుకుపోయింది.

ఈ వీధి తగాదాను రాష్ట్ర తగాదాగా మార్చినవి పార్టీలు. 1983లో దేవినేని నెహ్రూ తెలుగుదేశం నుంచి కంకిపాడు శాసనసభ్యుడయ్యారు. 1985లో తెలుగుదేశం రాష్ట్రమంతటా ఊడ్చేసిన ఎన్నికల్లో రంగా కాంగ్రెస్ అభ్యర్థిగా విజయవాడ తూర్పు గెలిచారు. అంత గాలిలో ప్రతిపక్షంవాడు నిలబడ్డాడంటే ఒక్క కులం ఓట్లతో అయ్యే పని కాదు. కొండల మీది ఇళ్లు, రిక్షా స్టాండ్లు, ఆటోనగర్ ఆయన వెంట నడిచాయి. కానీ ఒక వర్గం పాలకపక్షంలోనూ, మరొకటి ప్రతిపక్షంలోనూ చేరాక పోలీసు లాఠీ ఏ వైపు లేచినా అది పక్షపాతంగానే కనిపిస్తుంది. రంగా ఆ మాటే పదేపదే అన్నారు. అందులో నిజం లేదనడానికి నాకు ఆధారం దొరకదు.

అలాగని ఆయనను సాధువుగా చూపే అభిమానులతోనూ నాకు పేచీయే. రంగా మీద కేసులున్నాయి, జైలుకూ వెళ్లారు. ఇంటి దగ్గర పంచాయతీ తీర్చేవాడు పేదవాడికి ఒక్క పూటలో న్యాయం చేయగలడు, నిజమే. ఆ తీర్పు అమలయ్యేది మాత్రం వెనక నిలబడిన కుర్రాళ్ల భయంతో. ఓడినవాడికి అప్పీలు లేదు. చట్టం చేయవలసిన పనిని వ్యక్తి చేస్తే, ఆ వ్యక్తిని తొలగిస్తే చాలునని ఎదుటివారికి తోస్తుంది. 1988 మార్చిలో దేవినేని మురళి హత్య, అదే డిసెంబర్‌లో రంగా హత్య ఈ లెక్కలోనే వస్తాయి.

మధ్యలో, జూలైలో, విజయవాడలో కాపుల మహాసభ కాపునాడు జరిగింది. అప్పటికే తెలుగుదేశం అధికారాన్ని కమ్మవారి అధికారంగా చూస్తున్న కాపు యువతకు రంగా పేరు జెండా అయింది. పేదల ఇళ్ల మాట ఎత్తిన నాయకుడు కొద్ది నెలల్లో కులనాయకుడిగా స్థిరపడ్డారు. ప్రత్యర్థులకూ అదే కావలసి వచ్చింది. కూలివాళ్లందరి మనిషితో తలపడడం కన్నా ఒక కులం మనిషితో తలపడడం సులువు.

డిసెంబర్ 26 తెల్లవారుజామున గిరిపురంలో, ఇళ్ల పట్టాల కోసం వేసుకున్న నిరాహార దీక్షా శిబిరంలోనే ఆయనను చంపారు. వచ్చినవారు అయ్యప్ప మాలధారుల వేషంలో, బాంబులతో, కత్తులతో వచ్చారు. ప్రాణానికి ముప్పుందని ఆయన ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. నగరం నడిబొడ్డున, అందరికీ తెలిసిన చోట, రోజుల తరబడి కూర్చున్న శాసనసభ్యుడాయన.

తరువాత బెజవాడ తగలబడింది. గుంటూరు, గోదావరి జిల్లాలకూ మంటలు పాకాయి. నలభై మందికి పైగా చనిపోయారు, వారాల తరబడి కర్ఫ్యూ. కమ్మవారివని గుర్తుపట్టిన కొట్లు, హోటళ్లు, సినిమా హాళ్లు కాలిపోయాయి. ఆ కొట్టు యజమానికి గిరిపురం హత్యతో ఏం సంబంధం? ఆ కొట్టులో గుమాస్తాగా బతికే కాపు కుర్రాడికి మర్నాటి నుంచి పని ఎక్కడ? హోంమంత్రి కోడెల శివప్రసాదరావు పదవి వదిలారు. 1989లో తెలుగుదేశం 74 స్థానాలకు పడిపోయింది. ఓటమికి కారణాలు చాలానే ఉన్నా, కోస్తాలో ఈ హత్య బరువు తక్కువేమీ కాదు. రత్నకుమారి శాసనసభకు వెళ్లారు.

నేడు ఆ గీతలన్నీ చెరిగిపోయాయి. రంగా కుమారుడు రాధాకృష్ణ కాంగ్రెస్, ప్రజారాజ్యం, వైఎస్సార్ కాంగ్రెస్ మీదుగా తెలుగుదేశం చేరారు. దేవినేని నెహ్రూ కుమారుడు అవినాష్ 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి విజయవాడ తూర్పులోనే, అంటే రంగా గెలిచిన చోటే, పోటీ చేశారు. వారసులు పార్టీలు మారడాన్ని నేను తప్పుపట్టను. 2022లో విజయవాడ కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఎన్టీఆర్ పేరు పెట్టినప్పుడు, రంగా పేరే పెట్టాలని గట్టిగా అడిగినవారున్నారు. హత్య కేసు గురించి అంత గట్టిగా అడిగినవారు తక్కువ. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. హత్య తరువాత ఐదేళ్లు, మళ్లీ 2004 నుంచి పదేళ్లు రాష్ట్రాన్ని ఏలింది రంగా సొంత పార్టీయే. మరి తన శాసనసభ్యుణ్ని చంపిందెవరో తేల్చలేకపోయిన ఆ పార్టీ నాయకులను, దండ వేయడానికి వచ్చినప్పుడైనా గిరిపురం వాళ్లు నిలదీశారా?